నాగావళి లోయ స్థలాకృతి పటములు: కొలిచిన ఎత్తులు, కొలవని ఎల్లలు

ఉత్తరాంధ్ర చరిత్రను వ్రాయువారు శాసనములను వెదకుదురు, కైఫీయతులను చదువుదురు, జమీందారీ దఫ్తరములను తిరుగవేయుదురు. భూమిపటమును మాత్రము గ్రంథాంతమున అతికించు అలంకారముగానే చూచుట మన పరిశోధకులకు అలవాటైనది. ఊరెక్కడ నున్నదో చూపుటకు పటము కావలెను. అంతటితో దాని పని తీరినదని తలంతురు. పటమును ఒక వ్రాతయే. దానిని వ్రాసినవాడు కలడు, వ్రాయించినవాడు కలడు, వ్రాయక విడిచిన సంగతులును కలవు. ఈ వ్యాసమున మేము శ్రీకాకుళ విజయనగర ప్రాంతములకు ఎగువనున్న కొండలోయల పాత స్థలాకృతి పటములను, ముఖ్యముగా నాగావళి లోయను చూపు రెండు మూడు పటములను, చారిత్రకాధారములుగా చదువ యత్నించుచున్నాము. ఈ పటములు కొండల ఎత్తును, నీటి నడకను మిక్కిలి శ్రద్ధతో చెప్పినవి. ఏ ఊరు ఎవరిదను ప్రశ్నకు మాత్రము వానియందు దొరకు సమాధానము బలహీనమైనది. ఆ బలహీనత ఫలము సాలూరు కొండలమీది కొన్ని గ్రామములవారు నేటికిని అనుభవించుచున్నారు.

మొదట పటముల సంగతి. సర్వే ఆఫ్ ఇండియావారి పాత పద్ధతిలో పటమునకు పేరుకంటె అంకె ముఖ్యము. దేశమును, చుట్టుపట్ల దేశములను నాలుగేసి డిగ్రీల చదరములుగా విభజించి ఒక్కొక్క చదరమునకు ఒక సంఖ్య నిచ్చిరి. 16 నుండి 20 వరకు గల ఉత్తరాక్షాంశములకును, 80 నుండి 84 వరకు గల తూర్పు రేఖాంశములకును నడుమనున్న చదరము 65వది. దానిని తిరిగి ఒక్కొక్క డిగ్రీ చొప్పున పదునారు భాగములు చేసి ‘ఎ’ మొదలు ‘పి’ వరకు అక్షరములు పెట్టిరి. ప్రతి అక్షరమును మరల పదునారు ముక్కలుగా విభజించిరి. చివరకు వచ్చిన ముక్క పదునైదు నిమిషముల చదరము. దానినే మైలుకు అంగుళము చొప్పున, అనగా 63,360 పాళ్లకు ఒక పాలుగా, అచ్చువేసిరి. ఈ లెక్కన విజయనగరము 65 ఎన్/8 పటమునను, శ్రీకాకుళము 65 ఎన్/15 పటమునను, పార్వతీపురము 65 ఎన్/5 పటమునను పడును. పార్వతీపురపు పటమునకు సరిగా పైన అతుకువలసినది 65 ఎం/8. రాయగడ అందున్నది. రెంటి అతుకు 19వ అక్షాంశరేఖ. ఒక్కొక్క పటము రమారమి పదునేడు మైళ్ల పొడవు, పదునారు మైళ్లకు కొంచె మెక్కువ వెడల్పుగల భూమిని చూపును. 2005 నాటి జాతీయ పటవిధానము తరువాత ‘ఓపెన్ సిరీస్’ అను పేరిట వేరు సంఖ్యలు వచ్చినవి గాని, పాత దస్త్రములను చదువువారికి పాత సంఖ్యలే శరణ్యము.

ఈ రెండు పటములను క్రిందుమీదుగా జేర్చి చూచినచో నాగావళి లోయ నడిమి భాగము మన కన్నులయెదుట నిలుచును. గోధుమరంగు సన్నని గీతలు సమోన్నత రేఖలు. ఒక గీతపైనున్న ప్రతి స్థలమును సముద్రమట్టమునకు ఒకే ఎత్తున నుండును. గీతకు గీతకు నడుమ సాధారణముగా 50 అడుగుల ఎత్తు. గీతలు దగ్గర దగ్గరగా గుమిగూడినచోట కొండ నిట్టనిలువుగా నున్నదని అర్థము. విడివిడిగా నున్నచోట నేల చదును. నదికి ఇరువైపుల గోధుమగీతలు ఒత్తుగా వచ్చి నీలిగీతను ఇరుకున బెట్టినచో అది గండి. పార్వతీపురమునుండి దక్షిణముగా చూపు సారించినచో గోధుమరంగు పలుచబడి, చెరువుల నీలిరంగు చుక్కలు చుక్కలుగా పెరుగును. విజయనగర మండలపు మెట్టలలో మన పూర్వులు త్రవ్వించిన చెరువుల సంఖ్యను ఊహించుకొనుటకు ఈ నీలిచుక్కలకు మించిన సాక్ష్యము లేదు.

నాగావళి కలహండి జిల్లాలోని లఖబహాల్ గ్రామము చేరువను, సుమారు 1300 మీటర్ల ఎత్తున పుట్టును. మొత్తము పొడవు 256 కిలోమీటర్లు. అందు 161 ఒడిశాలోను, 95 ఆంధ్రదేశమునను ఉన్నవి. రాయగడ సముద్రమట్టమునకు సుమారు 207 మీటర్ల ఎత్తున నున్నది. శ్రీకాకుళము పది మీటర్ల పైచిలుకు ఎత్తున నున్నది. అనగా ఈ నది తన పతనములో ఎక్కువ భాగమును రాయగడకు పైననే ముగించుకొని, తరువాతి దూరమునందు కేవలము రెండువందల మీటర్లు మాత్రమే దిగుచున్నది. దుముకు నదికిని, పారు నదికిని నడుమ రాయగడ ఒక మలుపు. అచట నదిలో ఏనుగులవలె కనబడు బండలకు ‘హాతిపథర్’ అని పేరు. ఈ ప్రాంతపు కొండలలో విస్తారముగా గనబడు శిలకు ‘ఖోండలైటు’ అని 1902లో టి. ఎల్. వాకర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు పేరు పెట్టెను. కోందులను జాతి పేరే ఆ శిలకు పేరైనది. కొండవారి పేరు రాతికి అంటినది గాని, వారి ఊళ్లకు పట్టా అంటుటకు మరి యెన్నో ఏండ్లు పట్టినది.

నదిమార్గమును మనుష్యులు ఎట్లు వాడుకొనిరో కూడ పటమే చెప్పును. విజయనగరమునుండి పార్వతీపురము వరకు బెంగాల్ నాగపూర్ రైలుమార్గము 1908-09లో వచ్చెను. అక్కడనుండి రాయగడ మీదుగా రాయపురము వరకు దానిని పొడిగించి 1931లో ముగించిరి. విశాఖపట్టణపు రేవు 1933లో తెరువబడుటకు ముందే మధ్యపరగణాల సరకునకు దారి సిద్ధమైనది. ఈ దారి కొండలను నేరుగా ఢీకొనక నాగావళి లోయను ఆశ్రయించుట పటమున స్పష్టముగా గానవచ్చును. తూర్పున వంశధార లోయను పట్టుకొని నౌపడానుండి పర్లాకిమిడికి 1900లో వచ్చిన చిన్న రైలు, 1931లో గుణుపురము చేరినది. కొండలలోనికి పోవుటకు నది తెరచిన తలుపు తప్ప వేరు తలుపు లేదని ఇంజనీర్లు గ్రహించిరి. వర్తకులును, దండయాత్రలు నడపిన రాజులును వారికంటె ముందే గ్రహించియుందురు.

పటమునకు పూర్వము ఈ దేశమున భూమిని మాటలతో గీసెడివారు. కళింగనగరము, అనగా నేటి ముఖలింగము, రాజధానిగా నేలిన పూర్వగాంగుల తామ్రశాసనములలో దానమిచ్చిన భూమి ఎల్లలు సవిస్తరముగా జెప్పబడును. తూర్పున పుట్ట, ఆగ్నేయమున చింతచెట్టు, దక్షిణమున గుంట, మూడూళ్ల పొలిమేరలు కలియుచోట త్రికూటము — ఈ విధముగా దిక్కు తరువాత దిక్కు చుట్టివచ్చి మొదలుపెట్టినచోటనే ముగియును. వల్మీకము, గర్తము, త్రికూటము అను మాటలు ఈ శాసనములలో తరచుగా దొరకును. ముఖలింగ ప్రాంతమున అచ్యుతాపురమందు లభించిన ఇంద్రవర్మ శాసనమున రాజతటాకమను చెరువు ప్రసక్తి కలదు. ఇట్టి వర్ణనను చదువువాడు కాలినడకను ఆ పొలమును చుట్టి రాగలడు. ఎత్తు ఎంతయో, విస్తీర్ణ మెంతయో అందుండదు. ఎవరిది ఎచ్చట ముగియునో నిస్సందేహముగా నుండును. మెకంజీదొర సేకరింపజేసిన కైఫీయతులును గ్రామపు పుట్టుకను, ఎల్లలను ఈ ధోరణిలోనే చెప్పినవి. పుట్ట కరగిపోవును, చెట్టు కూలును, కనుక ఈ పద్ధతి శాశ్వతము కాదని ఆక్షేపింపవచ్చును. ఊరివారు బ్రతికియున్నంతకాలము పొలిమేర జ్ఞాపకముండును గదా అని మా సమాధానము.

ఆంగ్లేయుల కొలత వేరు విధమైనది. 1802లో లాంబ్టన్ మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలిచి త్రికోణమితి సర్వేను ఆరంభించెను. తూర్పుతీరమున ఆ త్రికోణముల మాలకు నిలుకడ కలిగించుటకై 1862-63లో విశాఖపట్టణపు ఆధారరేఖను కొలిచిరి. కోల్బీ కనిపెట్టిన పదేసి అడుగుల ఆరు లోహదండములను వరుసగా పేర్చి, ఎండవేడికి లోహము సాగుటను సరిదిద్దుకొనుచు, సూక్ష్మదర్శినులతో చూచుచు మైళ్ల పొడవున నేలను కొలుచుట ఆ పద్ధతి. ఇట్లు దేశమందు కొలిచిన రేఖలు పదియే. అందొకటి మన ప్రాంతమునకు దక్కెను. ఆ పనిని నడపిన జేమ్స్ పలాడియో బసేవి తరువాత లోలక ప్రయోగములకై లడాఖ్ కొండలకు పోయి 1871లో అక్కడనే మరణించెను. ఒక రేఖ పొడవు నిశ్చితమైనచో, ఇరుకొనలనుండి దూరపు శిఖరమును థియొడొలైటుతో చూచి కోణము లెక్కకట్టినంతనే ఆ శిఖరపు దూరమును, ఎత్తును తెలియును. అచ్చటికి పోవలసిన పనిలేదు. మహేంద్రగిరి 4,923 అడుగులని, అనగా 1501 మీటర్లని, మనము చెప్పుకొను అంకె ఇట్టి కొలతల ఫలమే. గాంగరాజులు గోకర్ణేశ్వరుని నిలయమని కొలిచిన కొండ సర్వేవారికి చుట్టుపట్ల కొండలను చూచు కొలతగుట్ట అయినది.

శిఖరములను దూరమునుండి పట్టుకొనవచ్చును గాని, లోయలను పట్టుకొనుటకు లోయలోనికి దిగవలెను. అదియే ఈ ప్రాంతమున కష్టమైన పని. 1832 తరువాత విశాఖపట్టణ గంజాము జిల్లాలలో చెలరేగిన తిరుగుబాటులను విచారింప వచ్చిన రస్సెల్ సిఫారసుచొప్పున 1839 నాటి 24వ చట్టము ఈ కొండలను సాధారణ న్యాయస్థానముల అధికారమునుండి తొలగించి, కలెక్టరును ‘ఏజెంటు’గా నియమించెను. మనము నేటికిని వాడుచున్న ‘ఏజెన్సీ’ అను మాట అప్పుడు పుట్టినదే. సర్వేపనిలో అనుభవముగల మాక్ఫర్సన్ అను సైనికుడు 1837లో గుమసూరు కొండలకు పోయి కోందులనుగూర్చి సమాచారము సేకరించెను. పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున కెప్టెన్ శాక్స్టన్ నాయకత్వమున గంజాము-ఒరిస్సా స్థలాకృతి సర్వేదళము పనిచేసెను. వానలు వెలిసిన తరువాత కొండలెక్కి, ఎండలు ముదిరి మన్నెపుజ్వరములు కమ్ముకొనకమునుపే దిగివచ్చుట వారి యేటేటి క్రమము. బల్లపై కాగితము పరచి, కొలతగుట్టలను చూచుచు, ఉన్నచోటనే నదిని గీయుదురు. కావడి మోసినవారు, దారి చూపినవారు, ‘ఈ గెడ్డ పేరేమి?’ అని అడిగినప్పుడు బదులు చెప్పినవారు కొండవారే. ఆనాటి పటములందు కొండలు గొంగళిపురుగులవలె నల్లని పొట్టిగీతలతో కనబడును. రంగులతో, సమోన్నత రేఖలతో కూడిన పటములు 1904-05 నాటి సర్వే విచారణసంఘము సిఫారసుల తరువాత వచ్చిన క్రొత్త వరుసలోనివి. కార్మైకేలు 1869లోను, ఫ్రాన్సిస్ 1907లోను విశాఖపట్టణ జిల్లానుగూర్చి వ్రాసిన గ్రంథముల నడుమ ముప్పదియెనిమిదేండ్ల అంతరమున్నను, ఆ ఇరువురికిని ఈ క్రొత్తవరుస పటములు అందుబాటులో లేవను సంగతి వారి వర్ణనలను వాడుకొనువారు గుర్తుంచుకొనవలెను.

ఇక ముఖ్యవిషయము. స్థలాకృతి సర్వే వేరు, రెవెన్యూ సర్వే వేరు. మొదటిది కొండలను, నీళ్లను, దారులను కొలుచును. సైన్యమునకు, ఇంజనీర్లకు కావలసినది. రెండవది పొలమును గొలుసుపట్టి కొలిచి, రాళ్లు పాతి, నంబరు వేసి, రైతు పేరు వ్రాయును, శిస్తునకు కావలసినది. మద్రాసు ప్రభుత్వము 1858లో సర్వే సెటిల్మెంటు శాఖను నెలకొల్పి రైత్వారీ గ్రామములను కొలిపించెను. మన ప్రాంతమున రైత్వారీ భూములు స్వల్పము. 1802 నాటి శాశ్వత పైసలా వలన విజయనగరము, బొబ్బిలి, సాలూరు, పాచిపెంట, పర్లాకిమిడి, జయపురము మొదలైన జమీందారీలే భూమినంతయు నాక్రమించియున్నవి. జమీందారు ప్రభుత్వమునకు చెల్లించు పేష్కషు నిర్ణీతమైనప్పుడు ఆయన ఊళ్లలోని పొలములను కొలువవలసిన అగత్యము ప్రభుత్వమునకు లేదు. జమీందారీయే అయి, అందును కొండభాగమే అయినచో మరి చెప్పనక్కరలేదు. ఈ కారణముచేత ఒక విచిత్రస్థితి యేర్పడెను. మైదానపు రైత్వారీ గ్రామమునకు రెండు పటములు — ఎత్తులు చూపునది ఒకటి, ఎల్లలు చూపునది ఒకటి. కొండగ్రామమునకు మొదటిదే దక్కెను. కొండ ఎంత ఎత్తున్నదో ప్రభుత్వమునకు అడుగులతోసహా తెలియును; కొండమీది ఊరు ఎచ్చట ముగియునో తెలియదు.

ఒకే దొరతనము క్రింద నున్నంతవరకు ఈ లోపము బయటపడలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడుటతో బయటపడినది. ఓడొనెల్ అధ్యక్షతను ఎల్లలనుగూర్చి విచారించిన సంఘము 1932లో నివేదిక నిచ్చెను. 1933 నాటి శ్వేతపత్రమున జయపురము, పర్లాకిమిడి చేరలేదు. 1934లో పార్లమెంటు సంయుక్తసంఘము జయపురమును, పర్లాకిమిడిలో ఒక భాగమును ఒరిస్సాకు చేర్పవలెనని చెప్పెను. తుది ఉత్తర్వున విశాఖపట్టణ జిల్లానుండి బదిలీయైనవి జయపురపు సంస్థానము, దానిలో చేరని పొట్టంగి తాలూకా భాగము. ఇచ్చట గమనింపవలసినది మాటల తీరు. ఫలానా నీటివాలు వరకు, ఫలానా శిఖరమునుండి ఫలానా శిఖరము వరకు అని చెప్పలేదు. సంస్థానము పేరు, తాలూకా పేరు చెప్పి ఊరకుండిరి. కొండయెత్తులను చూపు పటములు చేతనున్నను, ఎల్లను నిర్ణయించుటకు వానిని వాడక, జమీందారీ హద్దును రాష్ట్రపు హద్దు చేసిరి. ఆ జమీందారీ హద్దు ఎన్నడును గొలుసుతో కొలువబడినది కాదు. పటముపై అచ్చైన చుక్కగీతకు ఆధారము అట్టి హద్దే. పైగా మైలుకు అంగుళము చొప్పుననున్న పటమున అర మిల్లీమీటరు మందముగల గీత నేలమీద ముప్పదిరెండు మీటర్ల వెడల్పు పట్టి ఎవరికిని చెందక పడియుండును. కొండవాలున ఒక కుటుంబము చేసికొను పోడుచెక్క అందులో ఇమిడిపోవచ్చును.

ఈ ఎల్ల నీటికిని అడ్డువచ్చినది. వంశధార 254 కిలోమీటర్ల పొడవున 154 ఒడిశాలోను, 71 ఆంధ్రమునను ప్రవహించి, మిగిలిన 29 కిలోమీటర్లు తానే ఎల్లగా నడచును. నీటిని చెరిసగము పంచుకొనవలెనని 1962లో ఒడంబడిక జరిగినను, నేరడి దగ్గర ఆనకట్ట కట్టినచో ఎగువ ఎంత నేల మునుగునను వాదము తెగలేదు. 2010లో ఏర్పడిన న్యాయమండలి 2017 సెప్టెంబరున తీర్పునిచ్చి, ఆనకట్టకై ఒడిశాలోని 106 ఎకరముల సేకరణకు అనుమతించెను. నాగావళికి ఉపనదియైన ఝంఝావతిపైనను ఇదే చిక్కు. ఎగువ ఒడిశా భూమి మునుగునను అభ్యంతరము వలన పథకము చిరకాలము నిలిచిపోయి, కొమరాడ ప్రాంతమున ఉబ్బించుటకును దించుటకును వీలైన రబ్బరు ఆనకట్ట 2006లో వచ్చెను. ఈ తగవులలో పటము మూగది కాదు. ముంపు అనునది ఒక సమోన్నత రేఖ. నీటిమట్టము నిర్ణయమైనంతనే ఏయే భూములు మునుగునో ఆ రేఖవెంట వ్రేలుపెట్టి చెప్పవచ్చును. వాద మెంతకాలము సాగినను తుదకు ఎకరముల లెక్కకు వచ్చి ఆగుటకు కారణము అదియే.

కొఠియా గ్రామముల వ్యవహారము ఇట్లు కాదు. సాలూరునకు పైన, 65 ఎన్ పటపు పడమటి అంచున, ఒడిశాలో నెల్ల ఉన్నతమైన దేవమాలి శిఖరమునకు (1672 మీటర్లు) కొంత తూర్పుగా ఈ గ్రామములున్నవి. వివాదమున నున్నవి ఇరువదియొక్కటి. 1936లో హద్దు మారినప్పుడు ఇవి సర్వే కాని గ్రామములు. 1953లో ఆంధ్రరాష్ట్రము వచ్చినను ఎవరి లెక్కలలో ఏవి చేరినవను సంగతి తేలలేదు. 1968లో ఒరిస్సా ప్రభుత్వము సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. ముప్పదియెనిమిదేండ్లు గడచిన పిదప, 2006లో, అది న్యాయస్థానము తేల్పదగిన విషయము కాదని వ్యాజ్యము ముగిసెను. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ఇందు మూడు ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు జరుపగా ఒడిశా మరల న్యాయస్థానమున కెక్కెను. ఈలోగా సాలూరు శ్రీకాకుళము జిల్లానుండి 1979లో విజయనగరము జిల్లాకును, 2022లో పార్వతీపురము మన్యము జిల్లాకును మారెను. ఊరివారికి రెండు రాష్ట్రముల రేషనుకార్డులు, రెండు రాష్ట్రముల ఓటుహక్కులు దక్కినవని పత్రికలు వింతగా వ్రాయుచున్నవి. మాకిందు వింత తోపదు. ఎవరును కొలువని నేలమీద ఇద్దరు యజమానులుండుట సహజమే. రెండు కార్డులున్నవాడు తన పోడుభూమికి ఒక్క పట్టా నడుగబోయినచో ఏ తహసీలుదారుని యెదుట నిలువవలెనను ప్రశ్న మాత్రము వింత కాదు, కష్టము.

సమోన్నత రేఖలు ఇచ్చట ఏమియు చెప్పజాలవు. గంజాయిభద్ర మూడువేల అడుగుల ఎత్తున నున్నదో, రెండున్నరవేల అడుగుల ఎత్తున నున్నదో పటము చెప్పగలదు. అది సాలూరుదో పొట్టంగిదో చెప్పజాలదు. పూర్వగాంగుల కాలపు లేఖకుడు ఆ ఊరికి వచ్చియున్నచో పుట్టను, గుంటను, త్రికూటమును వరుసగా చెప్పి ఒక సాయంత్రములో ముగించియుండునని మేము పరిహాసమునకు అనుటలేదు. ఎల్లను తెలిసికొనుటకు అతడు ఊరివారిని అడిగెడివాడు. సర్వేవాడు శిఖరమును అడిగెను, ఉత్తర్వును వ్రాసినవాడు సంస్థానము దస్త్రమును అడిగెను.

తెలుగు చదువుకొన్నవారు ప్రత్యేకముగా పట్టించుకొనవలసిన సంగతి ఇంకొకటి కలదు. 2021 నాటి తగవులో ఒడిశావారు చేసిన ఆక్షేపణలలో పేర్ల మార్పు ఒకటి. వారు గంజెయిపదర్ అనుదానిని ఆంధ్రులు గంజాయిభద్ర అనిరి, ఫతుసినేరి పట్టుచెన్నూరైనది, ఫగునసినేరి పగులుచెన్నూరైనది. ఇది దొంగతనమని ఒకరు, అసలు పేరు మాదేనని మరొకరు. భాషాదృష్టితో చూచినచో ఇందు దొంగతనము లేదు. ఒరియాలో ‘పదర్’ అనగా చదునైన మెట్టనేల. ఆ మాట తెలుగు చెవినబడి, పరిచితమైన ‘భద్ర’గా మారినదని మా యూహ. ‘సినేరి’కి తెలుగున అర్థము కనబడనందున దానిని ‘చెన్నూరు’ చేసికొనుటయు ఇట్టిదే. పరభాషాపదమును తెలిసిన పదముగా మలచుకొనుట ప్రతి భాషకును సహజమైన పని; శ్రీకాకుళమును ‘చికాకోల్’ చేసినవారు చేసినదియు అదియే. నాగావళికి లాంగుల్యయని మరియొక పేరు. లాంగలమనగా నాగలి గనుక, బలరాముడు నాగటితో త్రవ్వి ఈ నదిని తెచ్చెనను కథ పుట్టినది. ఝంఝావతి కలియుచోట గుంప, సువర్ణముఖీ వేగవతులు కలియుచోట సంగాము, శ్రీకాకుళమున ఉమారుద్రకోటేశ్వరుడు ఆ కథతో ముడివడిన శివక్షేత్రములు. పేరు ముందో కథ ముందో చెప్పుటకు తొందరపడరాదు.

ఈ పటములందలి ఊళ్ల పేర్లను ఒక వరుసను చదివినచో భాషల ఎల్ల ఒకటి, పటమున గీయబడనిది, కనబడును. మైదానమున ‘వలస’ తో ముగియు పేర్లు విస్తారము. మరియొకచోటనుండి కదలివచ్చి కట్టుకొన్న ఊళ్లని ఆ మాటయే చెప్పును. సోంపేట వైపు ‘పుట్టుగ’లు, కొండల పాదమున ‘గూడ’లు, పైకి పోయినకొలది ‘పుట్టు’లు, ‘పదర్’లు. నీటిపాయకు దిగువను ‘గెడ్డ’యను మాట కోస్తాలోని ఇతర జిల్లాలవారికి క్రొత్తగా దోచును, ఇక్కడివారికి అదియే సొంతమాట. సవర గ్రామములందు నీటికి ‘డా’ అను మాట, ముండాభాషలన్నిటికిని సామాన్యమైనది, వినబడును. వంశధారయొడ్డున ముఖలింగపు చెంత పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో నుండి సవరలనడుమ తిరిగి, వారినోటనుండి విని, 1931లో సవర వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. వ్యావహారికోద్యమమున ఆయన పక్షమును ఒప్పుకొనని పండితులుకూడ ఈ పనిని తక్కువ చేయలేకపోయిరి. సర్వేవాడు దుబాసినోట విని ఆంగ్లాక్షరములలో వ్రాసిన పేరునకును, గిడుగువారు మాట్లాడువానినోటనే విని వ్రాసిన పదమునకును గల భేదము ఈ సందర్భమున గుర్తునకు రావలెను.

కొఠియా గ్రామములలో కోందులు మిక్కుటము. గంజెయిపదర్ ఒరియా, గంజాయిభద్ర తెలుగు. ఇరుప్రభుత్వముల దస్త్రములందును ఊరిపేరు పొరుగువాడు పలికిన పేరే. పరిశోధక విద్యార్థులు ఎవరైనను ఈ పనికి పూనుకొందురేని, పట్టికకు నాలుగు గళ్లు గీసికొనవలెనని మా సూచన: పాత పటమున ఆంగ్లాక్షరముల రూపము, ఒడిశా పంచాయతీ రూపము, ఆంధ్ర పంచాయతీ రూపము, ఊరిలోని ముసలివారు కువిలో పలుకు రూపము. పేరుతోపాటు ఊరి నాలుగు పొలిమేరల గుర్తులను, అనగా ఏ చెట్టు, ఏ బండ, ఏ గెడ్డ అని, వారు చెప్పిన వరుసలోనే వ్రాసికొనవలెను. మొదటి మూడు గళ్లు గ్రంథాలయమున కూర్చుండి నింపవచ్చును. నాలుగవదానికి కొండ ఎక్కవలెను. ఎక్కలేనివారు సంతనాడు సాలూరులో, పసుపును చింతపండును దించుకొని కూర్చున్నవారిని అడుగవచ్చును.